పత్రికకు అతిథి వ్యాసం పిచ్ చేయడం ఎలా?

మీ పని మీకు బాగా వచ్చు. ఏళ్ల తరబడి అదే రంగంలో ఉన్నారు. చిక్కు ఎక్కడ పడుతుందో చూడగానే చెప్పగలరు. కానీ ఆ సంగతి మీ టీముకి, కొద్దిమంది క్లయింట్లకు తప్ప బయటివాళ్లకు తెలియదు. అలాంటప్పుడు ఒక మంచి పత్రికలో మీ పేరుతో వ్యాసం వస్తే చాలా తేడా ఉంటుంది. సదస్సుకు పిలవాలనుకునేవాళ్లు, కొత్త క్లయింట్లు, ఉద్యోగం ఇవ్వాలనుకునేవాళ్లు మీ గురించి వెతికినప్పుడు, మీరు ఎలా ఆలోచిస్తారో వాళ్లకు అక్కడ కనిపిస్తుంది.

అదే వ్యాసాన్ని సొంత పేజీలో పెట్టుకుంటే అంత విలువ ఎందుకు రాదు? సొంత పేజీలో ఏం రాసినా అడిగేవాళ్లు ఉండరు. పత్రికలో అయితే, మీతో ఏ పరిచయమూ లేని ఒక ఎడిటర్ మీ ఆలోచన చదివి, సందేహాలు అడిగి, చివరికి దాన్ని తమ పాఠకుల ముందు పెట్టవచ్చని ఒప్పుకున్నారు. మీకు వచ్చే నమ్మకమంతా ఆ ఒప్పుకోలు వల్లే వస్తుంది. ఈ ఒక్క సంగతి గుర్తుంటే ఎక్కడికి పంపాలి, ఏం రాయాలి, దేనికి ఒప్పుకోకూడదు అన్నవి చాలావరకు వాటంతటవే తేలిపోతాయి.

బయటివాళ్లకు పత్రికల్లో చోటివ్వడం ఎప్పటినుంచో ఉన్నదే. న్యూయార్క్ టైమ్స్ 1970 సెప్టెంబరులో సంపాదకీయాలకు ఎదురుగా ఉండే పేజీని బయటి రచయితల కోసం తెరిచింది. 2021 నుంచి ఆ వ్యాసాలను గెస్ట్ ఎస్సేలు అంటోంది. రిపోర్టరు ఒకటి రెండు రోజులు వెళ్లి చూసే చోట మీరు రోజూ ఉంటారు. ఎడిటర్లు మీలాంటివాళ్ల పిచ్ (అంటే ఫలానా వ్యాసం రాస్తానంటూ పంపే చిన్న ప్రతిపాదన) తెరిచి చూసేది అందుకే. కాబట్టి రచయితగా పేరు లేదని వెనకాడకండి. రోజూ చేసే పనిలోంచి చెప్పడానికి ఏదైనా ఉందా అన్నదే ముఖ్యం.

ముందు చెప్పాల్సిన మాట తేల్చుకోండి

తిరిగొచ్చే పిచ్‌లలో చాలావాటికి ఒకటే జబ్బు. వాటిలో విషయం ఉంటుంది, వాదన ఉండదు. 'ఉద్యోగుల సంతృప్తి ఎందుకు ముఖ్యం' అన్నది విషయం మాత్రమే. దాన్ని ఎవరూ కాదనరు, కాబట్టి చదవాల్సిన అవసరమూ ఎవరికీ ఉండదు. 'రాజీనామా చేసిన మనిషిని చివరి రోజున కూర్చోబెట్టి కారణాలు అడిగితే నిజం బయటికి రాదు, ఆ సంభాషణ వెళ్లిపోయిన కొన్ని నెలల తర్వాత జరగాలి' అన్నది వాదన. హెచ్‌ఆర్‌లో పనిచేసే ఎవరైనా దీన్ని ఒప్పుకోవచ్చు, గట్టిగా వ్యతిరేకించవచ్చు. ఏదైనా సరే, చదువుతారు.

మీ వాదన ఎక్కడుందో కనుక్కోవడానికి నాకు తెలిసిన మంచి దారి మీ పాత మెయిళ్లు చూడటం. క్లయింట్లకో, జూనియర్లకో మీరు పదే పదే ఒకే సంగతి వివరిస్తూ రాసిన జవాబులు వాటిలో ఉంటాయి. ఎవరో ఒకరు మళ్లీ మళ్లీ అడుగుతున్నారంటే ఆ ఖాళీ బయట కూడా ఉన్నట్టే. ఇంకో దారి, మీ రంగంలో అందరూ ఇచ్చే సలహాల్లో మీరు పాటించనిది ఏదో చూసుకోవడం. ఎందుకు పాటించరో రాయండి. ఆ 'ఎందుకు'లోనే వ్యాసం ఉంటుంది.

తర్వాత దాన్ని ఒక్క వాక్యంలో రాసి చూడండి. రెండో వాక్యం కావాల్సివస్తే ఇంకా తేలలేదని అర్థం. రాసిన వాక్యాన్ని మీ రంగంలోనే ఉన్న ఒకరికి, అసలు సంబంధం లేని ఇంకొకరికి వినిపించండి. మొదటివాళ్లు 'ఇది అందరికీ తెలిసిందే కదా' అన్నా, రెండోవాళ్లు 'అయితే ఏంటి?' అన్నా ఇంకా పని మిగిలి ఉంది.

ఇక్కడే ఇంకో పని పూర్తి చేసుకోవాలి, చాలామంది దీన్ని చివరికి వాయిదా వేస్తారు. మీరు ఉద్యోగి అయితే బయట రాయడం గురించి మీ సంస్థ నియమం ఏంటో చూడండి. కొన్నిచోట్ల మేనేజరుకు చెబితే చాలు, కొన్నిచోట్ల కమ్యూనికేషన్స్ విభాగం లిఖితంగా అనుమతించాలి. ఎడిటర్ సరేనన్నాక మీ సంస్థ వద్దంటే ఆ ఎడిటర్ దగ్గర మీ మాట పోతుంది. క్లయింట్లు, రోగులు, విద్యార్థుల సంగతులు వాడుతుంటే పేరు తీసేసినంత మాత్రాన సరిపోదు. ఊరు, వయసు, తేదీ, ఆ అరుదైన జబ్బు కలిపి చదివితే ఆ మనిషి ఎవరో దగ్గరివాళ్లకు తెలిసిపోతుంది. అయితే అనుమతి తీసుకోండి, లేదంటే ఆ ఉదాహరణ వదిలేయండి.

సరైన పత్రికను ఎంచుకోవడం

పెద్ద పేరున్న పత్రిక నుంచే మొదలుపెట్టాలని మనసు లాగుతుంది. నా సలహా వేరు. మీకు పని ఇచ్చేవాళ్లు, మిమ్మల్ని నమ్మాల్సినవాళ్లు ఏం చదువుతారో ముందు కనుక్కోండి. గిడ్డంగుల్లో అగ్నిప్రమాద నివారణ మీ పని అనుకోండి. జాతీయ దినపత్రికలో మీ వ్యాసాన్ని వేలమంది చూసి పేజీ తిప్పేస్తారు. లాజిస్టిక్స్ రంగం వాళ్ల ట్రేడ్ మ్యాగజైన్‌లో అదే వ్యాసం వస్తే, చదివేవాళ్లు తక్కువే అయినా వాళ్లలో చాలామందికి గిడ్డంగి ఉంటుంది. ట్రేడ్ మ్యాగజైన్ ఎడిటర్లకు రంగం లోపలి మనుషుల రాతలు ఎప్పుడూ కావాలి. కాబట్టి మొదటిసారి రాసేవాళ్లకు అక్కడ అవకాశం ఎక్కువ.

ఒక్కో చోట ఒక్కో పద్ధతి ఉంటుంది. 1922లో మొదలైన హార్వర్డ్ బిజినెస్ రివ్యూ తాము చూసేవేంటో స్పష్టంగా చెబుతుంది. రచయితకు ఆ విషయంలో నైపుణ్యం, చెప్పినదానికి ఆధారం, కొత్తదనం, పాఠకుడికి పనికొచ్చే గుణం, చదవాలనిపించే రాత. మీరు ఏ పత్రికకు పంపినా ఈ అయిదింటితో మీ ఆలోచనను పరీక్షించుకోవచ్చు. 2011లో ఆస్ట్రేలియాలో మొదలై తర్వాత అనేక దేశాలకు పాకిన ద కాన్వర్సేషన్ దారి వేరు. యూనివర్సిటీలు, పరిశోధన సంస్థల్లో ఉన్నవాళ్లే అక్కడ రాయాలి. ప్రచురణకు ముందు తుది రూపం రచయిత ఆమోదించాలి. నిధులు ఎవరి నుంచి వస్తున్నాయో, ఏ సంస్థలతో సంబంధాలున్నాయో వెల్లడించాలి. అక్కడ వచ్చిన వ్యాసాలను క్రియేటివ్ కామన్స్ లైసెన్సు కింద ఇతర పత్రికలు ఉచితంగా మళ్లీ వేసుకోవచ్చు. కాబట్టి ఒక్క వ్యాసం చాలా చోట్ల కనిపిస్తుంది. మీరు పరిశోధకులైతే మొదట అక్కడ చూడటం మంచిది.

పత్రిక పేరు తేలాక ఒక సాయంత్రం దాని పాత వ్యాసాలకు కేటాయించండి. ప్రతి వ్యాసం కింద రచయిత పరిచయం చదువుతూ పోండి. అన్నీ సిబ్బంది రాసినవే అయితే ఆ విభాగంలో బయటివాళ్లకు చోటు లేనట్టే, ఇంకో విభాగం చూడండి. బయటివాళ్లు ఉంటే వాళ్లు ఎలాంటివాళ్లు, ఎంత నిడివి రాశారు, అంకెలతో మొదలుపెడతారా, అనుభవంతోనా అని గమనించండి. మీ విషయం మీద ఇప్పటికే ఏం వచ్చిందో వెతకండి. వచ్చి ఉంటే నిరాశ పడక్కర్లేదు. ఆ వ్యాసం ఎక్కడ ఆగిందో అక్కడినుంచి మీది మొదలవుతుందని పిచ్‌లో చెప్పగలిగితే, మీరు వాళ్ల పత్రిక నిజంగా చదువుతారని ఎడిటర్‌కు వెంటనే అర్థమవుతుంది.

డబ్బు గురించి కచ్చితంగా ఉండండి. వ్యాసం వేయడానికి మీ దగ్గర డబ్బు అడిగితే అది ప్రకటన. సభ్యత్వ రుసుము కడితే రచయితగా చోటు ఇస్తామన్నా అంతే. పత్రిక పేరు చూసి కొందరు మోసపోవచ్చు గానీ, మీ రంగంలో తెలిసినవాళ్లు అది డబ్బిచ్చి వేయించుకున్నదని గుర్తుపడతారు. వాళ్ల దగ్గర మీ పరపతి పెరగకపోగా తగ్గుతుంది. పరిశోధన పత్రికలు కొన్ని, వ్యాసాన్ని అందరూ ఉచితంగా చదివేలా ఉంచడానికి, ఓపెన్ యాక్సెస్ రుసుము తీసుకుంటాయి, అది వేరే వ్యవహారం. అక్కడ కూడా సమీక్ష నిజంగా జరుగుతుందో లేదో చూసుకోవాలి.

ఇలాగే, సెర్చ్‌లో పైకి రావాలని సొంత సైటుకు లింకులు సంపాదించడానికి వ్యాసాలు రాసే పద్ధతికి దూరంగా ఉండండి. ఆ దారి గూగుల్ ఎప్పుడో ఇరుకు చేసింది. డబ్బుకో మరో లాభానికో పెట్టిన లింకులను గుర్తించేలా 2019లో స్పాన్సర్డ్ అనే గుర్తు తెచ్చింది. లింకుల కోసం పెద్ద ఎత్తున అతిథి వ్యాసాలు వేయించడాన్ని స్పామ్‌గా చూస్తుంది. పేరున్న సైటు పరపతిని వాడుకుని బయటివాళ్ల సరుకు పెట్టడం మీద 2024లో ఇంకో నియమం తెచ్చింది. ఇవన్నీ పక్కన పెట్టినా, పిచ్‌లో 'మా సైటుకు రెండు లింకులు ఇవ్వాలి' అని కనిపిస్తే మంచి ఎడిటర్ అక్కడే చదవడం ఆపేస్తారు.

పిచ్ పంపాలా, పూర్తి వ్యాసమా?

పత్రిక గైడ్‌లైన్స్‌లో ఉన్నదే చేయండి. ఏమీ రాసి లేకపోతే, అభిప్రాయ పేజీలకు పూర్తి వ్యాసం పంపడం మేలు. అక్కడ వాదన ఎలా నడిచిందన్నదే సరుకు కాబట్టి, సారాంశం చూసి ఎవరూ మాట ఇవ్వలేరు. నిడివి సాధారణంగా 700 నుంచి 900 పదాలు. ఫీచర్లకు, ఎలా చేయాలో చెప్పే వ్యాసాలకు పిచ్ చాలు. ముందే మొత్తం రాసేస్తే ఎడిటర్ వేరే కోణం అడిగినప్పుడు సగం పారేయాల్సి వస్తుంది.

ఎవరికి పంపాలన్నది కూడా చూసుకోండి. ప్రధాన సంపాదకుడికి పంపిన మెయిల్ చాలాసార్లు ఎవరికీ చేరదు. మీ విషయం చూసే విభాగం ఎడిటర్ పేరు పత్రికలోనే ఉంటుంది. సబ్మిషన్ ఫారం ఉన్న పత్రికకు మాత్రం ఆ ఫారం ద్వారానే పంపండి. వ్యక్తిగత ఖాతాలకు మెసేజ్ చేయడం చొరబాటులా ఉంటుంది.

పిచ్ రాయడం

ఇది కాస్త నిదానంగా చూద్దాం. ఒక ఆసుపత్రి ఫార్మసిస్టు దినపత్రిక ఆరోగ్య విభాగానికి రాస్తున్నట్టు అనుకుందాం.

సబ్జెక్ట్: అతిథి వ్యాసం ప్రతిపాదన – డిశ్చార్జి తర్వాత ఒకే మందును రెండు పేర్లతో వేసుకుంటున్న రోగులు

'ఫలానా గారికి నమస్కారం.

ఆసుపత్రి నుంచి ఇంటికి వెళ్లే రోగి చేతిలో కొత్త మందుల చీటీ ఉంటుంది. ఇంట్లో పాత మందుల డబ్బా ఉంటుంది. రెండింట్లో ఒకే మందు వేర్వేరు బ్రాండ్ పేర్లతో ఉంటే చాలామంది రెండూ వేసుకుంటారు. బీపీ మందు అయితే కళ్లు తిరిగి పడిపోతారు. రక్తాన్ని పలచన చేసే మందు అయితే లోపల రక్తస్రావం కావచ్చు.

డిశ్చార్జికి ముందు ఇంట్లోని డబ్బా తెప్పించి కొత్త చీటీతో పోల్చి చూస్తే ఈ ప్రమాదం చాలావరకు తప్పుతుందని, ఆ పని ఫార్మసిస్టుకు అప్పగించాలని నా వాదన. పోల్చే పద్ధతి, కుటుంబ సభ్యులు అడగాల్సిన 3 ప్రశ్నలు, దీనివల్ల డిశ్చార్జి ఆలస్యమవుతుందనే అభ్యంతరానికి జవాబు వ్యాసంలో ఉంటాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో మందుల వల్ల కలిగే హాని తగ్గించే కార్యక్రమం మొదలుపెట్టినప్పుడు, రోగి ఒక చోటి నుంచి ఇంకో చోటికి మారే సమయాన్ని ముఖ్యమైన అంశాల్లో ఒకటిగా పెట్టుకుంది. సెప్టెంబరు 17న ప్రపంచ రోగుల భద్రతా దినం ఉంది, ఆ వారానికి ఇది సరిపోతుంది.

ఆసుపత్రి బిల్లుల మీద మీ విభాగంలో వచ్చిన వరస వ్యాసాలు చదివాను. బిల్లు కట్టి ఇంటికి వెళ్లాక మందుల దగ్గర ఏం జరుగుతుందన్నది వాటి తర్వాతి భాగం అవుతుంది.

నేను పన్నెండేళ్లుగా ఆసుపత్రి వార్డుల్లో ఫార్మసిస్టుగా పనిచేస్తున్నాను. ఏ మందుల కంపెనీతోనూ నాకు ఆర్థిక సంబంధం లేదు. బయట రాయడానికి మా ఆసుపత్రి అనుమతి ఉంది. 900 పదాల్లో, మీరు సరేనన్న వారంలోగా పంపగలను. ఈ ప్రతిపాదన ప్రస్తుతం మీకు మాత్రమే పంపాను.'

ఇందులో ఏం జరిగిందో చూడండి. మొదటి పేరాలో రచయిత గురించి ఒక్క మాట లేదు. రోగి ఉన్నాడు, డబ్బా ఉంది, ప్రమాదం ఉంది. ఎడిటర్ దాన్ని చదువుతూ తన ఇంట్లో మందుల డబ్బా ఎక్కడుందో గుర్తుచేసుకుంటారు. మీ డిగ్రీలు, అవార్డులు, హోదాతో మొదలుపెడితే ఆ పని జరగదు. మీరెవరన్నది ముఖ్యమే, కానీ ఈ మాట చెప్పే హక్కు మీకు ఎలా వచ్చిందన్నంత వరకే. పన్నెండేళ్లు వార్డుల్లో పనిచేశానన్న ఒక్క వాక్యం ఇక్కడ అరపేజీ బయోడేటా కంటే బాగా పనిచేస్తుంది.

రెండో పేరాలో అభ్యంతరం ముందే వచ్చేసింది. ఆలస్యమవుతుందని వార్డులో ఎవరైనా అంటారని రచయితకు తెలుసు, దానికి జవాబూ ఉంది. ఎదుటివాళ్ల వాదన తెలిసిన మనిషి అని ఎడిటర్‌కు నమ్మకం కలిగించేది ఇలాంటి వాక్యమే. అనుభవం లేనివాళ్లు దీన్ని రాయలేరు.

తేదీ సంగతి కూడా గమనించండి. ఈ వ్యాసం ఇప్పుడే ఎందుకు వేయాలి అన్న ప్రశ్న ఎడిటర్ మనసులో ఎప్పుడూ ఉంటుంది. కొత్త చట్టం, వెలువడబోయే నివేదిక, ఒక దినం, ఒక సీజన్, ఈ వారం వార్తల్లో నలుగుతున్న గొడవ, ఏదో ఒకటి కావాలి. సమయానికి తగ్గట్టు ముందే పంపండి. దినపత్రికకు మూడు నాలుగు వారాల ముందు పంపితే చాలు. మాసపత్రిక సంచిక చాలా ముందే నిండిపోతుంది, కనీసం మూడు నాలుగు నెలల ముందు చెప్పాలి. వార్త మీద స్పందన అయితే అదే రోజు పంపాలి. మూడో రోజుకి ఆ చోటు ఇంకొకరికి వెళ్లిపోతుంది.

'మీకు ఏ విషయం మీద కావాలో చెప్పండి, రాసిస్తాను' అని పంపేవాళ్లున్నారు. ఆ మెయిల్ ఎడిటర్ మీద అదనపు పని మోపుతుంది. ఒకే మెయిల్‌లో ఆరేడు విషయాలు జాబితాగా ఇవ్వడమూ మంచిది కాదు, అందులో ఏదీ మీకు ముఖ్యం కాదన్నట్టు కనిపిస్తుంది. ఒకటే పంపండి. మీరు ముందు రాసినవి ఉంటే రెండు లింకులు ఇవ్వండి. ఏమీ లేకపోతే ఆ ప్రస్తావనే తేవద్దు, మొదటిసారి రాస్తున్నందుకు క్షమాపణ అడగవద్దు. వ్యాసంలోని మొదటి రెండు పేరాలు మెయిల్ కిందే పెట్టండి. మీకు రాయడం వచ్చా అన్న సందేహం అక్కడే తీరుతుంది. అటాచ్‌మెంట్లు గైడ్‌లైన్స్‌లో అడిగితేనే పెట్టండి, తెలియనివాళ్లు పంపిన ఫైళ్లను చాలామంది తెరవరు.

ఏఐ టూల్స్ గురించి సూటిగా చెబుతాను. పిచ్‌ను వాటితో రాయిస్తే ఎడిటర్లు పసిగడతారు. ఒకే రకమైన నున్నటి వాక్యాలు వాళ్ల ఇన్‌బాక్సులో రోజూ కనిపిస్తున్నాయి. వ్యాసం విషయంలో పత్రికకు సొంత విధానం ఉంటే అది చదవండి, ఏదైనా వాడితే అడగకముందే చెప్పండి. మీ అనుభవమే మీ పెట్టుబడి అయినప్పుడు దాన్ని మీ మాటల్లో చెప్పకపోతే మిగిలేది ఏమీ లేదు.

పంపాక ఎదురుచూడటం

ఇదే అన్నిటికన్నా టెన్షన్. జవాబు ఎప్పటిలోగా ఇస్తారో గైడ్‌లైన్స్‌లో రాసి ఉంటే ఆ గడువు దాటేదాకా ఆగండి. రాయకపోతే, వార్తతో ముడిపడిన అభిప్రాయ వ్యాసానికి మూడు నాలుగు పనిదినాలు, మిగతావాటికి రెండు వారాలు ఆగి, అదే మెయిల్ కింద రెండు వాక్యాల్లో గుర్తుచేయండి. మీ విషయం మీద కొత్తగా ఏదైనా జరిగితే అది కూడా చెప్పండి, గుర్తుచేయడానికి అదొక సహజమైన కారణం అవుతుంది. దానికీ జవాబు రాకపోతే ఫలానా తేదీ తర్వాత వేరేచోటికి పంపుతున్నానని మర్యాదగా రాసి ముందుకు వెళ్లండి.

ఒకే పిచ్‌ను ఒకేసారి నాలుగు పత్రికలకు పంపవచ్చా? పంపకండి. ఇద్దరు ఎడిటర్లు ఒకేసారి సరేనంటే ఒకరికి కాదని చెప్పాలి, ఆ ఒకరు మిమ్మల్ని చాలాకాలం గుర్తుంచుకుంటారు. అత్యవసరమై తప్పదనుకుంటే వేరే చోట్లకు కూడా పంపినట్టు మెయిల్‌లోనే చెప్పండి.

తిరస్కరణ వస్తే ఒక్క వాక్యంతో ధన్యవాదాలు చెప్పండి, వాదించకండి. అందులో కారణం రాసి ఉంటే అది చాలా విలువైనది, ఎందుకంటే కారణం రాసే తీరిక ఎడిటర్‌కు అరుదుగా దొరుకుతుంది. 'ఇది కాదు గానీ మీ దగ్గర ఇంకేమైనా ఉంటే పంపండి' అని రాశారంటే దాన్ని మర్యాద మాటగా కొట్టిపారేయకండి. నిజంగానే అడుగుతున్నారు, నెలలోపు ఇంకోటి పంపండి. తిరిగొచ్చిన పిచ్‌ను అదే రూపంలో ఇంకోచోటికి తోసేయకుండా, కొత్త పత్రిక పాఠకుడిని దృష్టిలో పెట్టుకుని మొదటి పేరా మళ్లీ రాయండి. ఆసుపత్రి యాజమాన్యాలు చదివే పత్రికకైతే పై ఉదాహరణలో రోగి ఇంట్లో డబ్బా కంటే డిశ్చార్జి కౌంటర్ దగ్గర జరిగేది ముందుకు రావాలి.

సరేనన్నాక

ముందు నిడివి, గడువు, కోణం ఈ మూడింటిని మెయిల్‌లో రాసి ధ్రువపరచుకోండి. పారితోషికం ఉందా అని అడగడానికి మొహమాటపడకండి. ఇచ్చేచోట ఎంత, ఎప్పుడు, రాయించుకుని వేయకపోతే కొంతైనా ఇస్తారా అన్నవి ముందే తెలియాలి. చాలా ట్రేడ్ పత్రికలు, అభిప్రాయ పేజీలు ఏమీ ఇవ్వవు. అది తెలిసి రాయడంలో తప్పు లేదు.

హక్కుల కాగితం చదివి సంతకం పెట్టండి. కొన్ని పత్రికలు మొదటిసారి వేసుకునే హక్కు మాత్రమే తీసుకుంటాయి, కొంతకాలం తర్వాత మీరు ఎక్కడైనా వాడుకోవచ్చు. కొన్ని మొత్తం కాపీరైటే రాయించుకుంటాయి. అప్పుడు మీ వ్యాసాన్ని మీ పుస్తకంలో పెట్టుకోవాలన్నా వాళ్ల అనుమతి కావాలి. మీరు పుస్తకం రాసే ఆలోచనలో ఉంటే ఇది చిన్న విషయం కాదు. మార్చమని అడగండి, అడిగితే చాలాసార్లు మారుస్తారు.

డ్రాఫ్ట్ పంపేటప్పుడు అందులోని ప్రతి అంకెకూ, ప్రతి వాస్తవానికీ ఆధారం ఎక్కడుందో విడిగా ఒక పేజీ జతచేయండి. దాన్ని పత్రికలో వేయరు, సరిచూసేవాళ్లకు పనికొస్తుంది. ఇలా చేసే రచయితను ఎడిటర్లు మళ్లీ పిలుస్తారు, ఇందులో నాకు సందేహం లేదు.

తర్వాత ఎడిటింగ్ మొదలవుతుంది. మీకు బాగా నచ్చిన పేరా పోవచ్చు. మొదలు చివరికి వెళ్లవచ్చు. ప్రతి మార్పు మీదా పోట్లాడకండి, అర్థం మారిన చోట మాత్రం గట్టిగా నిలబడండి. 'ఈ మార్పుతో మందు మానేయమని చెప్పినట్టు అవుతోంది, అది ప్రమాదం, ఇలా రాద్దామా?' అని కారణం, ప్రత్యామ్నాయం రెండూ ఇవ్వండి. శీర్షిక పెట్టే అధికారం దాదాపు అన్ని చోట్లా పత్రికదే. కాబట్టి మీరు ఇచ్చిన శీర్షిక రాకపోవచ్చు. కానీ అందులో వాస్తవం తప్పితే వెంటనే చెప్పాలి, చాలామంది శీర్షిక చదివే అభిప్రాయం ఏర్పరచుకుంటారు. మీకు లాభం కలిగించే సంబంధం ఏదైనా ఉంటే, అంటే వాటాలు, కన్సల్టింగ్, వ్యాసంలో పేర్కొన్న సంస్థలో బంధువులు, ఎడిటర్‌కు చెప్పేయండి. మీరు దాచినదాన్ని ప్రచురణ తర్వాత ఎవరైనా బయటపెడితే ఆ ఒక్క వ్యాసంతో పాటు ముందువాటి మీదా అనుమానం పడుతుంది.

కింద వచ్చే పరిచయం రెండు వాక్యాలే ఉంటుంది, దాన్ని ఆలోచించి రాయండి. ఏం చేస్తారు, ఎక్కడ దొరుకుతారు. 'ప్రముఖ', 'విశిష్ట' లాంటివి ఎడిటర్ ఎలాగూ తీసేస్తారు.

ప్రచురణ అయ్యాక

ఆ రోజే పేజీని పీడీఎఫ్‌గా దాచుకోండి. పత్రికలు సైట్లు మారుస్తాయి, పాత లింకులు చచ్చిపోతాయి, వ్యాసాలు పేవాల్ వెనక్కి వెళ్తాయి, అంటే డబ్బు కడితేనే తెరుచుకుంటాయి. మీ ప్రొఫైల్‌లో వ్యాసం పేరు, పత్రిక పేరు, తేదీ పెట్టండి. ఒక్క వ్యాసం రాసి 'ఆ పత్రిక కాలమిస్టు' అని చెప్పుకోవద్దు, ఆ మాట పత్రికవాళ్ల కంటపడుతుంది. పూర్తి పాఠాన్ని మీ సైటులో పెట్టే ముందు హక్కుల కాగితం మళ్లీ చూడండి. లింకు, రెండు వాక్యాల పరిచయం పెట్టడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

పాఠకులు రాసే వాటికి జవాబివ్వండి. అందులో తప్పు ఎత్తిచూపినవాళ్లు ఉంటే ముందు సరిచూసుకుని, నిజమైతే మీరే ఎడిటర్‌కు తెలిపి సవరణ వేయమనండి. ఎవరో ఫిర్యాదు చేసేదాకా ఆగకండి. వ్యాసం చూసి పని ఇవ్వాలనుకునేవాళ్లు వెంటనే రాయకపోవచ్చు, కొన్ని నెలల తర్వాత ఆ లింకు పట్టుకుని వస్తారు. వాళ్లకు మీ చిరునామా తేలిగ్గా దొరికేలా ఉంచండి.

రెండు మూడు వారాలయ్యాక అదే ఎడిటర్‌కు రెండో పిచ్ పంపండి. మొదటి వ్యాసానికి వచ్చిన ఉత్తరాల్లో పాఠకులు ఎక్కువగా అడిగిన ప్రశ్న ఏదో చూసుకోండి, దాంతోనే ఆ పిచ్ మొదలుపెట్టవచ్చు. ఈసారి మీరెవరో చెప్పాల్సిన పేరా అక్కర్లేదు.